గుంట కట్ట మీద నాలుగు గళ్ల కాగితం: పద్నాలుగు ఆదివారాలు

నెల్లూరు జిల్లా విడవలూరు మండలంలో బకింగ్‌హామ్ కాలువ పక్కన రెండు రొయ్యల గుంటలు, ఒక్కోటి ఎకరం. ఒక్కోదాంట్లో 1,20,000 వనామి రకం రొయ్య పిల్ల, అంటే చదరపు మీటరుకు 30. గుంటకు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు మూడు, ఒక్కోటి 2 హెచ్‌పీ. రెంటికీ కలిపి ఒక జనరేటర్. కట్ట మీద కాపలా ఉండే మనిషి ఒకడు, నేను ఒకణ్ణి. 2025 ఫిబ్రవరి 2 నుంచి మే 6 రొయ్య పట్టుబడి దాకా ప్రతి ఆదివారం ఆ వారం పనుల్ని అర్జెంటు, ముఖ్యం అన్న లెక్కన నాలుగు గళ్లలో వేసుకుని నడిపాం. మేత కంపెనీ మీటింగుల్లో, ఫోన్ వీడియోల్లో ఈ నాలుగు గళ్ల బొమ్మ చూసే ఉంటారు. గుంట దగ్గర పెడితే అది ఎక్కడ పనిచేసిందో, ఎక్కడ కాళ్లు తన్నుకుందో తేదీలతో రాస్తున్నాను.

ఫిబ్రవరి 2, ఆదివారం. పది రూపాయల చార్టు కాగితం, రెండు రంగుల పెన్నులు. గుర్తొచ్చిన పనులన్నీ ముందు ఒక వరసలో రాశాం, 31 వచ్చాయి. వాటిని గళ్లలోకి సర్దేసరికి గంటా యాభై నిమిషాలు. చూసుకుంటే అర్జెంటూ ముఖ్యమూ అన్న మొదటి గడిలోనే 19 పడ్డాయి. ఇక ఆ కాగితం గోడకి అంటించినా ఒకటే, పొయ్యిలో పెట్టినా ఒకటే.

తప్పెక్కడంటే, ఫోన్ మోగిన ప్రతి పనినీ అర్జెంటు అనుకున్నాం, డబ్బు కట్టాల్సిన ప్రతి పనినీ ముఖ్యం అనుకున్నాం. మేత డీలర్ బాకీ, మందుల కంపెనీ కుర్రాడు వస్తానన్న రోజు, పక్క గుంటాయన అడిగిన పంపు, అన్నీ మొదటి గడిలోకే ఎక్కాయి. ఆ సాయంత్రమే రెండు మాటలూ కొట్టేసి, వాటి చోట రెండు అంకెలు పెట్టాం. ఈ పని చేయకపోతే ఎన్ని గంటల్లో నష్టం కనపడుతుంది? ఆ నష్టం ఎన్ని రూపాయలు? 48 గంటల లోపు కనపడితే అర్జెంటు. 5,000 దాటితే ముఖ్యం. పెద్ద రైతులు ఈ హద్దును ఇరవై వేలు చేసుకోవచ్చు, మా రెండెకరాలకి అయిదు వేలు సరిపోయింది. ఒక అంకె ఉండటమే అవసరం, లేకపోతే ప్రతి పనీ "ముఖ్యమే కదన్నా" అంటూ పైకి ఎక్కుతుంది.

అంకెలు వేశాక మొదటి గడిలో 4, రెండో గడిలో (ముఖ్యమే కానీ అర్జెంటు కానివి) 11, మూడో దాంట్లో (అర్జెంటే కానీ ముఖ్యం కానివి) 9, నాలుగో దాంట్లో 7 మిగిలాయి. నాలుగోది, అంటే అర్జెంటూ కాదు ముఖ్యమూ కాదు అన్నది, ఆ రోజే కొట్టేశాం. ఒక్కటి మటుకు మళ్లీ బతికింది, పక్షుల దారాలు. కొంగలూ కాకులూ జబ్బు పడ్డ రొయ్యని ఒక గుంటలోంచి ఎత్తి ఇంకో గుంటలో పడేస్తాయి. దాని నష్టం గంటల్లో కనపడదు, కానీ వైట్ స్పాట్ అనే వైరస్ జబ్బు వస్తే లక్షల్లోనే. అది రెండో గడి సరుకు.

ఫిబ్రవరి 6న పిల్ల వదిలాం. మొదటి నెల గుంట దగ్గర మేత లెక్క పట్టిక ప్రకారమే పోతుంది, చెక్‌ట్రే, అంటే రొయ్య మేత తిన్నదో లేదో చూడ్డానికి గుంటలోకి దించే పళ్లెం, చూసే పనుండదు. అందుకే ఆ నాలుగు వారాలూ రెండో గడికి బంగారం లాంటివి. మేము వాటిని సగమే వాడుకున్నాం.

దానికి కారణం కాలం లెక్క. గుంట దగ్గర రోజు మన చేతిలో ఉండదు. తెల్లవారుజామున 4 నుంచి 6 దాకా డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్ చూడాలి, ఎందుకంటే రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ తాగి, సూర్యుడు రాకముందే డీవో బాగా తక్కువకి పడిపోతుంది. 6 నుంచి 10 దాకా మేత. సాయంత్రం మళ్లీ పీహెచ్, మళ్లీ మేత. మిగిలేది 11 నుంచి 1 దాకా, అదీ ఎండలో. వారానికి రెండు రోజులు, మంగళ, శుక్ర, ఆ రెండు గంటలూ రెండో గడికి రాసిపెట్టాం. మొత్తం నాలుగు గంటలు. ఆ గడిలో ఉన్న 11 పనులకి పక్కన టైం వేసి కూడితే 22 గంటలు తేలింది. అంటే అన్నీ అయిదారు వారాలకు గానీ తెమలవు. పైగా మేము వేసిన టైం ఎప్పుడూ తక్కువే. జనరేటర్ ట్రయల్ 20 నిమిషాలని రాస్తే, మొదటిసారి బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి బూజు గీకి, వదులైన కేబుల్ బిగించి, తిప్పేసరికి గంటా నలభై. మూడో వారం నుంచి మొదటిసారి చేసే ప్రతి పనికీ అనుకున్న టైంకి రెట్టింపు రాసుకున్నాం.

ఈ నాలుగు గళ్ల బొమ్మలో లేనిది, మేము చేర్చుకున్నది ఒకటుంది. రెండో గడిలో పనుల వరస ఎలా? "ఏ రోజు దాటితే ఈ పని మొదటి గడిలోకి దూకుతుంది?" అని గుంట వయసు ప్రకారం రాశాం. ఒక ఫేజు పోయినా ఏరేటర్ మోటార్లు కాలకుండా ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్: 35 రోజుల లోపు, అప్పటి నుంచి ఏరేటర్లు రాత్రంతా తిరుగుతాయి. 1,900 అయింది, ఫిబ్రవరి 25న పెట్టించాం. ఏరేటర్ గేర్‌బాక్స్ ఆయిల్, ఒక స్పేర్ మోటారు: 50 రోజుల లోపు. జనరేటర్‌ను లోడు మీద వారానికి 20 నిమిషాలు తిప్పడం: ప్రతి ఆదివారం, 45 రోజులు దాటాక అస్సలు తప్పకూడదు.

ఆ ఆఖరిది తప్పింది. ఫిబ్రవరి 16న తిప్పాం. 23న తిప్పలేదు, మార్చి 2, 9, 16 కూడా లేదు. ప్రతి ఆదివారం కాగితం మీద దాన్ని బుద్ధిగా రెండో గడిలోనే రాశాం, మళ్లీ వచ్చే వారం అదే గడిలోకి ఎత్తి రాశాం. గడిలో రాయడం వల్ల ఏ పనీ కాదు. అది మార్చి 19 రాత్రి తెలిసింది.

ఆ రాత్రి 2:10కి కరెంటు పోయింది. జనరేటర్ తాళం తిప్పితే టక్కుమని ఆగిపోయింది. బ్యాటరీ చచ్చింది. ట్రాక్టర్ తెచ్చి దాని బ్యాటరీకి కేబుళ్లు తగిలించి 3:25కి స్టార్ట్ చేశాం. 75 నిమిషాలు. పడమటి గుంటలో డీవో 2.1, తూర్పు దాంట్లో 2.6. వనామికి 4 పైన ఉండాలి, 3 కింద అయితే నీరసపడి అంచులకి వస్తుంది. పిల్ల అంచుల్లో తేలి తిరుగుతోంది. షెడ్డులో ఉన్న 5 కిలోల ఆక్సిజన్ గ్రాన్యూల్స్ రెండు గుంటల్లో చల్లాం, తెల్లారి రెండు మేతలు ఆపేశాం. ఆపడం ఎందుకంటే, నీరసంగా ఉన్న రొయ్య తినదు, తినని మేత అడుగున కుళ్లి మిగిలిన ఆక్సిజన్‌ని అది తినేస్తుంది. చచ్చినవి చెక్‌ట్రేల్లో మూడే కనపడ్డాయి. గుంట వయసు అప్పటికి 41 రోజులు, ఎకరానికి అయిదు వందల కిలోల లోపే బరువు. ఇదే 80 రోజులప్పుడు, పదిహేను వందల కిలోలు నీళ్లలో ఉన్నప్పుడు జరిగితే పొద్దున్నే వలలతో చచ్చిన రొయ్య తోడుకోవాల్సి వచ్చేది. కొత్త బ్యాటరీ 7,400.

అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఒక సభలో, ఎవరో పాత కాలేజీ పెద్ద చెప్పిన మాట అంటూ, అర్జెంటువి ముఖ్యం కావు, ముఖ్యమైనవి ఎప్పటికీ అర్జెంటు కావు అన్నాడట. ఆయన రొయ్యలు పెంచలేదు. ఇక్కడ రాత్రి 2:10కి అర్జెంటూ ముఖ్యమూ అయిన ప్రతి పనీ, నాలుగు వారాల ముందు పగలు 11 గంటలకి రెండో గడిలో కాళ్లు చాపుకుని కూర్చున్నదే.

మార్చి 23 నుంచి కాగితం మార్చాం. రెండో గడి పనికి గడి చాలదు, రోజు, గంట, చేసేవాడి పేరు మూడూ ఉండాలి. ఏ పనైనా వరసగా రెండు ఆదివారాలు అదే గడిలో కనపడితే, మూడో ఆదివారం కాగితం రాయకముందే ఆ పని చేసి రావాలి. కొంచెం మొండి రూలే, కానీ ఆ తర్వాత జనరేటర్ ఒక్క వారం కూడా తప్పలేదు. వారం కాగితానికి పట్టే టైం కూడా అప్పటికి 25 నిమిషాలకి దిగింది, ఎందుకంటే సగం పనులు పోయిన వారానివే.

మూడో గడి, అర్జెంటే కానీ ముఖ్యం కానివి. వీటిని ఇంకొకరికి అప్పజెప్పమంటారు. మాకు అప్పజెప్పడానికి ఉన్నది ఒక్క మనిషి. మేత లారీ దిగినప్పుడు బస్తాలు లెక్కపెట్టడం, డీలర్ ఫోన్‌కి "ఆదివారం మాట్లాడతాం" అని చెప్పడం, మందుల కుర్రాడిని కట్ట ఎక్కనివ్వకుండా గేటు దగ్గరే శాంపిల్ తీసుకోవడం, ఇవి బాగానే కుదిరాయి. ఆ కుర్రాడు రోజుకి పది గుంటలు తిరుగుతాడు, అతని చెప్పులకి అంటిన బురద మన కట్ట మీదికి రాకపోవడమే మేలు.

చెక్‌ట్రే అప్పజెప్పడం మాత్రం బెడిసింది. మార్చి 9 నుంచి దాన్ని మూడో గడిలో పెట్టాం. రెండు గంటల్లో చూడాల్సిన పని కాబట్టి అర్జెంటు, ఒక మేతలో కిలో ఎక్కువ పడ్డా నష్టం 92 రూపాయలే కాబట్టి ముఖ్యం కాదు. లెక్క కాగితం మీద సరిగ్గానే ఉంది. మార్చి 25 మంగళవారం అమ్మోనియా చూస్తే 0.1 ఉండాల్సింది 0.5 పీపీఎం. ట్రేలు మేత వేసిన రెండు గంటలకి కాక, తర్వాతి మేత ముందు, అంటే నాలుగు గంటలకి ఎత్తుతున్నారు. అప్పటికి ఎలాగూ ఖాళీయే. ఖాళీ చూసి మేత పెంచుతూ పోయాం.

రోజూ జరిగే పనికి ఒక్కసారి నష్టం రాస్తే మోసపోతాం, ఏడు రోజులకి గుణించాలి. రోజుకి నాలుగు మేతలు, ఒక్కోదానికి కిలో, ఏడు రోజులు: 28 కిలోలు. రెండు గుంటలకి 56. కిలో 92 రూపాయల చొప్పున 5,152. మా అయిదు వేల గీత దాటింది, అదీ అడుగున కుళ్లిన మేత చేసే చెరుపు కలపకుండానే. సాయంత్రం పీహెచ్ పెరిగితే అదే అమ్మోనియా ఇంకా విషమవుతుంది కాబట్టి మూడు రోజులు మేత పావు వంతు కోసి, రోజుకి కొంచెం నీళ్లు మార్చి దింపాం.

మళ్లీ అప్పజెప్పాం, కానీ ఈసారి చెప్పిన మాట మీద కాకుండా షెడ్డు తలుపు మీద రాసి. కిలో మేతకి ట్రేలో 3 గ్రాములు. ఫోన్‌లో రెండు గంటల అలారం. ఖాళీ అయితే తర్వాతి మేత అయిదు శాతం పెంపు, అక్కడక్కడా నలుసులుంటే అలాగే, పావు వంతు మిగిలితే పది శాతం కోత. ట్రే ఎత్తగానే ఫోటో. ఫోటో మీద టైం పడుతుంది, అదే అసలు కిటుకు. అప్పజెప్పిన పని అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది, ఆ రెండు వారాలూ మన టైం తగ్గదు, పెరుగుతుంది. ఈ మాట ముందే తెలిస్తే కోపం రాదు.

ఇక చంద్రుడి సంగతి. అమావాస్య, పౌర్ణములకి రొయ్య గుంపుగా మోల్టింగుకి వస్తుంది, అంటే పాత పెంకు వదులుతుంది. ఆ రెండు మూడు రోజులు మేత తగ్గుతుంది, ఆక్సిజన్ ఎక్కువ కావాలి, ముందే మినరల్స్ పడాలి, విసురు వల వేయకూడదు. పంచాంగం ఉగాదికే చేతికొస్తుంది, అయినా మేము ఏ వారానికావారం "అరె, అమావాస్య" అనుకుంటూ ఉండేవాళ్లం. మార్చి 29 అమావాస్య, 30 ఉగాది. కట్ట మీద మనిషి పండక్కి ఊరెళ్తానని గురువారం చెబితే గానీ ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయని చూసుకోలేదు. శుక్రవారం మినరల్స్ చల్లడం, ఇంకో మనిషిని 900 కూలికి మాట్లాడటం, రెండూ మొదటి గడిలోకి దూకాయి. ఆ ఉగాది రోజే కొత్త పంచాంగం చూసి మే నెల మధ్య దాకా అమావాస్య, పౌర్ణములు ఎర్ర పెన్నుతో కాగితాల పైన ముందే రాసేశాం. ఏప్రిల్ 12, 27, మే 12. వాటికి ముందూ వెనకా రెండేసి రోజులు రెండో గడి పనులేవీ పెట్టలేదు.

ఏప్రిల్ మొదటి వారం కాగితం పూర్తిగా చిరిగిపోయింది. ఏప్రిల్ 2న అమెరికా మన సరుకు మీద 26 శాతం సుంకం ప్రకటించింది. 3వ తేదీ తెల్లారేసరికి గ్రూపుల్లో అదే. రేటు పడిపోయింది, చుట్టుపక్కల 100 కౌంట్ (కిలోకి వంద రొయ్యలు) దాటిన గుంటలు వలలు దింపుతున్నాయి. మా పిల్ల 56 రోజులు, 9 గ్రాములు, అంటే 110 కౌంట్. గంటల లెక్కలో అర్జెంటు, రూపాయల లెక్కలో లక్షలు. మొదటి గడి అంటే ఇదే అనిపించింది. గురువారం నుంచి ఆదివారం దాకా నాలుగు రోజులు ఫోన్లలోనే పోయాయి.

ఆ ఆదివారం, శ్రీరామనవమి నాడు, మూడో ప్రశ్న చేర్చాం: ఈ విషయంలో ఇవాళ నా చేత్తో చేయగలిగిన పని ఏంటి? సుంకం మీద ఏమీ లేదు. గుంట మీద ఒకటే, పట్టాలా ఉంచాలా. 110 కౌంట్‌ని పడిపోయిన రేటుకి అమ్మితే ఎంత, ఇంకో నెల మేత పెట్టి 60 కౌంట్ చేస్తే ఎంత, మధ్యలో జబ్బొస్తే ఎంత, మూడు వరసల్లో రాసుకున్నాం. ఇరవై నిమిషాలు. గుంట ఆరోగ్యంగా ఉంది, ఉంచుదాం, రొయ్య మేత మానినా తెల్ల రెట్ట తేలినా అదే రోజు పట్టేద్దాం అని రాసి మూసేశాం. ఏప్రిల్ 9న ఆ సుంకాన్ని 90 రోజులు ఆపారు. మా లెక్క గొప్పదని కాదు, ఆపకపోయినా కాగితం మీద ఉన్నది అదే.

నాలుగు రోజుల ఫోన్ల ఖర్చు వేరే చోట తేలింది. శుక్రవారం చూడాల్సిన ఆల్కలినిటీ, అంటే పీహెచ్ ఊగకుండా పట్టి ఉంచే నీటి గుణం, ఎవరూ చూడలేదు. 8న చూస్తే 140 నుంచి 110కి దిగింది, 12న పౌర్ణమి. ఎకరం గుంట, నాలుగడుగుల నీళ్లు, 20 పీపీఎం పెంచాలంటే 160 కిలోల పైనే వంట సోడా పట్టింది, గుంటకి ఆరున్నర వేలు. ముందే చూసి ఉంటే సోడా తగ్గేదేం కాదు. కానీ నాలుగు రోజుల గడువులో బస్తాలు మోసి చల్లేబదులు వారం ముందు నుంచి కొంచెం కొంచెంగా పడేది. ఆ పౌర్ణమికి పెంకు గట్టిపడని సాఫ్ట్ రొయ్య తేరుకోవడానికి ఒక రోజు ఎక్కువే పట్టింది.

ఆ తర్వాతి మూడు వారాల గురించి రాయడానికి పెద్దగా లేదు, అవి బాగా నడిచాయి. మొదటి గడిలో వారానికి రెండో మూడో. ఏప్రిల్ 22న ఒక ఏరేటర్ గేర్‌బాక్స్ అరిచింది, స్పేర్ ఉంది కాబట్టి నలభై నిమిషాల్లో మార్చాం. ఏప్రిల్ 24 రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ తిరిగింది, పొద్దున కట్ట మీద మనిషి చెబితే గానీ నాకు తెలియలేదు.

పట్టుబడి వారాన్ని వెనక నుంచి ముందుకి రాశాం. మే 12 పౌర్ణమి, సాఫ్ట్ ఉంటే రేటు కోస్తారు, అందుకని 9 లోపు పట్టాలి. పట్టే ముందు యాంటీబయాటిక్ లేదని ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ) ఎలీసా ల్యాబ్ కాగితం కావాలి. నమూనా ఇచ్చాక మాకు నాలుగు రోజులు పట్టింది, మధ్యలో ఆదివారం ఒకటి. నమూనాకి అరపూట ప్రయాణం. ఇవన్నీ వెనక్కి లెక్కేస్తే నమూనా ఏప్రిల్ 30నే ఇవ్వాలి. ఆ పని ఏప్రిల్ 20 కాగితంలో రెండో గడిలో ఉంది, 27 కాగితంలో బుధవారం అని రోజుతో ఉంది. ఐస్, వల మనుషులు, కొనే ఆయనకి ఫోన్, ఇవి మూడో గడివి, రెండు రోజుల ముందు చాలు. మే 6 తెల్లవారుజామున వలలు దిగాయి. రెండు గుంటల్లో 3,210 కిలోలు, 58 కౌంట్, మేత 181 బస్తాలు, అంటే కిలో రొయ్యకి 1.41 కిలోల మేత.

మే 11 ఆదివారం గుంటలు ఖాళీ. కొత్త కాగితంలో మొదటి గడి ఖాళీగానే ఉంది. రెండో గడిలో ఆరు రాశాం: అడుగు నల్లమట్టి తీయడం, బీటలు వచ్చేదాకా ఎండబెట్టడం, తూర్పు కట్ట పీతల బొక్కలు, ఏరేటర్ రెక్కలు, జనరేటర్ ఆయిల్, పక్షుల దారాలు. ఆరింటికీ రోజు, గంట, పేరు ఉన్నాయి. జనరేటర్ ఆయిల్ మంగళవారం 11 గంటలకి, నా పేరు మీద.